చూపులేని సహోద్యోగికి ఏ స్క్రీన్ రీడర్? కొనే ముందు చూసుకోవాల్సినవి

కొత్తగా చేరబోయే ఉద్యోగికి చూపు లేదని తెలియగానే, కంప్యూటర్‌లో ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, అంటే స్క్రీన్ రీడర్, ఏది కొనాలని ఆఫీసులో రెండు రకాల హడావుడి మొదలవుతుంది. ఒకరు "అన్నిటికంటే ఖరీదైనది కొనేద్దాం, రేపు మాట రాకూడదు" అంటారు. ఇంకొకరు "ఫ్రీగా దొరికేది ఉందట కదా, అది చాలు" అంటారు. ఆ ఉద్యోగిని మాత్రం ఎవరూ అడగరు. ఆఫర్ లెటర్ పంపిన రోజే ఒక ఫోన్ చేసి "మీకు దేనిమీద అలవాటు?" అని అడిగితే సగం చర్చ అక్కడే తేలిపోతుంది. మిగతా సగం మీ ఆఫీసులో నడిచే సాఫ్ట్‌వేర్‌ని బట్టి, ఫైళ్లని బట్టి ఉంటుంది. ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఆ రెండో సగం గురించే.

స్క్రీన్ రీడర్ తెరను చూడదు. చాలామంది పొరపడేది ఇక్కడే. తెర మీద కనిపించే బొమ్మ వెనుక ప్రతి సాఫ్ట్‌వేర్ విండోస్‌కి కొంత సమాచారం ఇస్తుంది: ఇది బటన్, దీని పేరు "సేవ్", ఇది గడి, ఇందులో ఉన్నది 4,500. స్క్రీన్ రీడర్ ఆ సమాచారాన్ని అందుకుని గొంతుతో వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు బటన్‌కు పేరు పెట్టకపోతే ఎంత ఖరీదైన స్క్రీన్ రీడర్ అయినా "బటన్... బటన్... బటన్" అని ఊరుకుంటుంది. అందుకే కంప్యూటర్‌లో నెరేటర్, ఎన్‌వీడీఏ, జాస్ అనే మూడు ఎంపికలతో పాటు, ఎవరూ ఎంపికగా లెక్కపెట్టని నాలుగోదాన్నీ పోలికలో చేర్చాను. మీ సొంత సాఫ్ట్‌వేర్‌నీ ఫైళ్లనీ బాగుచేసుకోవడమే అది.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

మొదట చూడాల్సింది రోజూ చేసే పని. వర్డ్, ఎక్సెల్, మెయిల్, బ్రౌజర్ మాత్రమే అయితే ఒక దారి. పాతకాలపు కంపెనీ సాఫ్ట్‌వేర్, బ్యాంకు కోర్ బ్యాంకింగ్ తెర, దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయి చేసే పని అయితే ఇంకో దారి.

తర్వాత తెలుగు. పనిలో తెలుగు ఎంత, అది ఏ రూపంలో వస్తోంది? టైపు చేసిన యూనికోడ్ తెలుగా (ఫోన్లో, వెబ్‌సైట్లలో కనిపించేది), పాత పద్ధతి అను ఫాంటా, స్కాన్ చేసిన కాగితమా, వాట్సాప్‌లో ఫొటోనా? స్క్రీన్ రీడర్ ఎంపిక కంటే ఈ జవాబుతోనే ఎక్కువ తేడా వస్తుంది.

మూడోది ఐటీ విభాగం అనుమతి. బయటి సాఫ్ట్‌వేర్ వేయనివ్వని చోట్ల అసలు ఏది వేయవచ్చన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. నాలుగోది, నేర్పేవాళ్లు, చెడితే చూసేవాళ్లు ఎవరు? డబ్బు సంగతి ఐదోది. దాన్ని కావాలనే చివర పెట్టాను.

| | నెరేటర్ | ఎన్‌వీడీఏ | జాస్ |
|---|---|---|---|
| ఖర్చు | విండోస్‌తోనే వస్తుంది | ఉచితం | లైసెన్స్ కొనాలి, ఖరీదెక్కువ |
| వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ | పని నడుస్తుంది | బాగుంటుంది | చాలా బాగుంటుంది |
| పాత కంపెనీ సాఫ్ట్‌వేర్ | కష్టం | కొంతవరకు | స్క్రిప్టులు రాయించుకోవచ్చు |
| తెలుగు | విండోస్‌లో ఉన్న గొంతుల్ని బట్టి | దానితోనే వచ్చే ఈస్పీక్ గొంతుతో వెంటనే చదువుతుంది | ఏ గొంతు వస్తుందో కొనేముందు తేల్చుకోవాలి |
| ఐటీ అనుమతి | అడగక్కర్లేదు | అడగాలి, యాడ్-ఆన్లకు (అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాములకు) విడిగా | అడగాలి, కంపెనీ మద్దతు ఉంటుంది |
| పెన్‌డ్రైవ్ నుంచి నడపడం | అవసరం లేదు | కుదురుతుంది | అలాంటి వాడకానికి తగదు |

నెరేటర్

కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కండి. మాట్లాడడం మొదలుపెడుతుంది. విండోస్ 2000 నుంచి ఉంది, కానీ మొదట్లో పేరుకే ఉండేది. ఈ మధ్య ఏళ్లలో బాగా మెరుగైంది. అయినా రోజుకు ఎనిమిది గంటలు దీనిమీదే పనిచేయమని ఎవరికీ చెప్పను. దీని అసలు ఉపయోగం వేరు. కొత్త కంప్యూటర్ ఇచ్చిన రోజు మిగతావి వేసుకునేదాకా ఇది ఆదుకుంటుంది. ఉన్న స్క్రీన్ రీడర్ మధ్యాహ్నం ఆగిపోతే, పక్కవాళ్లను పిలవకుండా దాన్ని మళ్లీ మొదలుపెట్టుకోవడానికి పనికొస్తుంది. మీ వెబ్‌సైట్ రాసే కుర్రాళ్లు అయిదు నిమిషాల్లో పరీక్షించడానికి కూడా ఇది చాలు.

ఎన్‌వీడీఏ

ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో దీన్ని మొదలుపెట్టారు. ఆయనకూ, తర్వాత ఆయనతో కలిసిన జేమ్స్ టే‌కూ చూపు లేదు. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. మన దగ్గర శిక్షణ తీసుకుని వచ్చే యువతలో చాలామందికి చేతికి అలవాటైనది ఇదే. ఇంట్లో కంప్యూటర్‌లో, కాలేజీ ల్యాబ్‌లో ఎక్కడైనా పెట్టుకోగలిగింది ఇదొక్కటే కదా.

ఆఫీసు పనికి ఇది చాలదన్న అపోహ ఇంకా ఉంది. వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్, క్రోమ్‌లతో సరిపోయే ఉద్యోగానికి ఇది బాగా చాలుతుంది. ఎక్సెల్‌లో ఏ వరస శీర్షికో ఒకసారి చెప్పి ఉంచితే, ఆ తర్వాత ఏ గడిలోకి వెళ్లినా శీర్షికతో కలిపి చదువుతుంది. జీతాల పట్టికలో పక్కకు జరుగుతున్నప్పుడు "12,000" అని మాత్రమే వినడానికీ, "పీఎఫ్ కోత 12,000" అని వినడానికీ ఎంత తేడానో లెక్కలు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు. బ్రౌజర్‌లో హెచ్ కొడితే శీర్షికలు, టీ కొడితే పట్టికలు, కే కొడితే లింకులు వరసగా వస్తాయి.

పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఏ కంప్యూటర్‌లోనైనా నడపవచ్చు. ఇంటర్వ్యూలకూ, మీటింగ్ రూమ్ కంప్యూటర్‌కూ ఇది మంచి సౌకర్యం. అయితే దీనితోనే నెట్టుకురమ్మని చెప్పకండి. అలా నడిపే కాపీకి విండోస్ అడిగే అడ్మిన్ అనుమతి తెరలు వినిపించవు. ఉద్యోగి రోజూ వాడే కంప్యూటర్‌లో మాత్రం ఇన్‌స్టాల్ చేయాల్సిందే, లాగిన్ తెర మీద కూడా మాట్లాడేలా పెట్టాల్సిందే. లేకపోతే పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టడానికే ఒకరి సాయం కావాలి.

దీని బలహీనతలు రెండు. ఒకటి, చెడితే పిలవడానికి ఊళ్లో డీలర్ ఉండడు. వాడేవాళ్ల గ్రూపులు చురుగ్గానే ఉంటాయి, కానీ నెలాఖరు రోజు సాయంత్రం ఆరింటికి గ్రూపులో ప్రశ్న పెట్టి కూర్చోలేం. రెండోది యాడ్-ఆన్ల సంగతి. ఇవి కంప్యూటర్‌లో అడ్డులేకుండా నడుస్తాయి కాబట్టి బ్యాంకుల, పెద్ద కంపెనీల ఐటీ వాళ్లు భయపడడంలో తప్పులేదు. దానికని ఎన్‌వీడీఏనే వద్దనడం అన్యాయం. అసలు సాఫ్ట్‌వేర్‌కి అనుమతి ఇచ్చి, యాడ్-ఆన్లను మాత్రం ఒక్కొక్కటిగా చూసి ఇస్తే సరిపోతుంది.

జాస్

దీన్ని తయారుచేసిన టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ రేసర్. 1978లో రోడ్డు ప్రమాదంలో చూపు పోయింది. డాస్ కాలంలో, 1989లో, మొదటి జాస్ వచ్చింది. అంటే ఎన్‌వీడీఏ లాగే ఇది కూడా దాని అవసరం తెలిసినవాళ్లు చేసిందే.

ఖర్చుకు తగ్గ విలువ దీనిలో ఒక్కచోట స్పష్టంగా కనిపిస్తుంది. అది స్క్రిప్టులు. మీ కంపెనీ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్‌తో మాట్లాడనప్పుడు, తెలిసినవాళ్లు జాస్‌కి స్క్రిప్టు రాసి ఫలానా కీ నొక్కితే ఖాతా నిల్వ చదువు, ఫలానా కీ నొక్కితే తర్వాతి కస్టమర్‌కు వెళ్లు అని నేర్పగలరు. ఎన్‌వీడీఏలోనూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇలాంటివి రాయవచ్చు. కానీ ఇదే పనిగా చేసేవాళ్లు, చేయించుకున్న కంపెనీలు జాస్ వైపే ఎక్కువ. సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయి పనిచేసే చోట్ల కూడా దీనికి చాలాకాలంగా ఏర్పాట్లున్నాయి. ఎన్‌వీడీఏకి కూడా 2025.1 వెర్షన్‌తో రిమోట్ సదుపాయం లోపలే వచ్చింది, అయితే అది అవతలి కంప్యూటర్‌లోనూ ఎన్‌వీడీఏ ఉంటేనే.

స్క్రిప్టుతో ఒక చిక్కుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయి తెరలో గడులు అటూ ఇటూ మారిన రోజున స్క్రిప్టు చెడిపోవచ్చు. రాసిన మనిషి అప్పటికి అందుబాటులో ఉండాలి. కొటేషన్‌లో లైసెన్స్ ధర ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు. స్క్రిప్టు రాయడం, ఏడాదిలో ఎన్నిసార్లు సరిచేసిపెడతారు, కొత్త వెర్షన్లకు ఏం కట్టాలి, ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి.

కొనకుండా పరీక్షించే వీలు ఉంది. లైసెన్స్ లేకుండా 40 నిమిషాలు నడుస్తుంది, తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఆ వ్యవధిలో మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క పూర్తి పని చేయించి చూస్తే విషయం తెలిసిపోతుంది. దీన్నే రోజువారీ వాడకంగా సాగదీసే ఆఫీసులు ఉన్నాయి. అది లైసెన్స్ నిబంధనలకు విరుద్ధం కావడం ఒకటి, ప్రతి 40 నిమిషాలకు పని ఆపి రీస్టార్ట్ చేస్తూ కూర్చునే మనిషి పనితీరును ఇతరులతో పోల్చడం అన్యాయం కావడం ఇంకొకటి.

వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని పనిచేసే వెబ్‌ఎయిమ్ సంస్థ, స్క్రీన్ రీడర్లు వాడేవాళ్లను అడిగి 2024లో ప్రకటించిన సర్వేలో, ప్రధానంగా వాడేది జాస్ అన్నవాళ్లు దాదాపు 40 శాతం, ఎన్‌వీడీఏ అన్నవాళ్లు దాదాపు 38 శాతం. జవాబిచ్చినవాళ్లలో అమెరికా, యూరప్ వాళ్లే ఎక్కువ కాబట్టి మన లెక్క ఇదే అనుకోనక్కర్లేదు. ఒకటి కంటే ఎక్కువ వాడేవాళ్లే అందులో ఎక్కువమంది. అనుభవజ్ఞులు ఒకటి మొరాయిస్తే రెండోదానికి మారతారు. రెండూ ఉంచడం దుబారా కాదు.

తెలుగు దగ్గరికొస్తే

ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు చదువుతుంది. మరమనిషి గొంతు, రాగం ఉండదు. మొదటిసారి విన్నవాళ్లు మొహం చిట్లిస్తారు. కానీ వేగం పెంచినా మాట చెదరదు. అలవాటైనవాళ్లు మనకు గుసగుసలా వినిపించే వేగంలో హాయిగా వింటారు. జాస్ వాడేవాళ్లు ఇష్టపడే ఎలోక్వెన్స్ గొంతుకు తెలుగు రాదు. అందువల్ల తెలుగు పని ఉంటే వేరే గొంతు కావాలి. డీలర్ "అన్ని భాషలూ వస్తాయి సార్" అంటే నమ్మి వదిలేయకండి. మీ ఆఫీసు ఫైలే ఒకటి తీసుకెళ్లి, తెలుగూ ఇంగ్లీషూ అంకెలూ కలిసిన పేరా చదివించండి. గొంతు మారేచోట తడబడుతోందా, "రూ. 1,25,000" ఎలా పలుకుతోంది, సర్వే నంబరు 214/2ఎ ఎలా పలుకుతోంది, ఇవి వినండి.

ఇంతకంటే పెద్ద గండం అను ఫాంట్లు. వీటితో టైపు చేసిన ఫైలు కంటికి తెలుగే. ఫైలు లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉంటాయి. ఫాంటు వాటి మీద తెలుగు ముసుగు వేస్తుంది. స్క్రీన్ రీడర్‌కు ముసుగు కనపడదు కాబట్టి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గోల వినిపిస్తుంది. పత్రికల డెస్కుల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో, కరపత్రాలు వేయించే ఆఫీసుల్లో ఈ ఫైళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. లక్షలు పెట్టి ఏ స్క్రీన్ రీడర్ కొన్నా ఇది తీరదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో పాతవి మార్చుకోవచ్చు. కొత్తవి మొదటినుంచీ యూనికోడ్‌లో కొట్టాలి. "అందంగా ఉండవు" అన్న వాదన పాతది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

స్కాన్ కాగితాలది మరో తలనొప్పి. సంతకం పెట్టిన సర్క్యులర్‌ను వంకరగా స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపితే అది ఒక ఫొటో, అంతే. గూగుల్ డ్రైవ్‌లో డాక్స్‌గా తెరిస్తే తెలుగు అక్షరాలను కూడా గుర్తుపడుతుంది. ఫైలు బయటికి వెళ్లకూడదంటే ఆఫీసు కంప్యూటర్‌లోనే అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. కాగితం మసకగా ఉంటే తప్పులు వస్తాయి, ముఖ్యంగా వత్తుల దగ్గర. అందుకని స్కాన్‌తో పాటు దాన్ని టైపు చేసిన అసలు వర్డ్ ఫైలు కూడా పంపమనే ఒక్క నియమం పెడితే సగం సాఫ్ట్‌వేర్ల అవసరమే ఉండదు.

ఫోన్ సంగతి కూడా ఇక్కడే. ఆండ్రాయిడ్‌లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్, గూగుల్ తెలుగు గొంతు కలిస్తే వాట్సాప్ సందేశాలు చక్కగా వినవచ్చు. కానీ పనులన్నీ ఫొటోలుగా పంపే మేనేజర్ ఉంటే టాక్‌బ్యాక్ చాలాసార్లు "ఫొటో" అని చెప్పి ఊరుకుంటుంది. ఫొటోలను వర్ణించే సీయింగ్ ఏఐ, లుకౌట్, బీ మై ఐస్ లాంటి యాప్‌లు ఇంట్లో ఎంతో ఉపయోగం. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఖాతా వివరాలు మాత్రం వాటికి చూపించమని ఏ ఉద్యోగినీ ఇరుకున పెట్టకూడదు.

నాలుగో ఎంపిక: సొంత సాఫ్ట్‌వేర్‌ను సరిచేయడం

మౌస్ పీకేయండి. ట్యాబ్, ఎంటర్, బాణం కీలతో మాత్రమే మీ ఆఫీసు అటెండెన్స్ పేజీలో సెలవు పెట్టడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడే చూపులేని ఉద్యోగి కూడా ఇరుక్కుంటారు. తేదీ ఎంచుకునే క్యాలెండర్ దగ్గర, ఫైలు జతచేసే గుర్తు దగ్గర, బొమ్మలో అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చా దగ్గర, పది నిమిషాలకే లాగౌట్ అయ్యే చోట, సాధారణంగా ఇక్కడే.

వీటిలో చాలావరకు చిన్న మరమ్మతులు. గుర్తు మాత్రమే ఉన్న బటన్‌కు పేరు రాయడం, గడికి దాని శీర్షికను జతచేయడం, పేజీ తెలుగులో ఉందని కోడ్‌లో చెప్పడం, రంగు మార్చి మాత్రమే తప్పు చూపించే చోట మాటలు కూడా పెట్టడం. డెవలపర్‌కు ఒకటి రెండు రోజుల పని అయ్యేవి ఉంటాయి. క్యాలెండర్ లాంటివి కొంచెం ఎక్కువ. వెబ్‌సైట్లు అందరూ వాడేలా ఉండడానికి ప్రమాణం కావాలంటే 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ఉంది, మన దేశానిదే ఐఎస్ 17802 ఉంది. బయటి కంపెనీ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ కొంటుంటే ఈ ప్రమాణం పాటించాలన్న వాక్యం టెండర్‌లోనే పెట్టాలి. కొన్నాక అడిగితే ప్రతి మార్పుకూ బిల్లు వస్తుంది.

సాఫ్ట్‌వేర్ మీ చేతిలో ఉంటే, నా లెక్కలో జాస్ స్క్రిప్టు కంటే ముందు ఇదే. స్క్రిప్టు జాస్ ఉన్నవాళ్లకు మాత్రమే, తర్వాతి అప్‌డేట్ దాకా పనికొస్తుంది. బటన్‌కు పేరు పెడితే నెరేటర్ వాడేవాళ్లకూ, ఎన్‌వీడీఏ వాడేవాళ్లకూ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడేవాళ్లకూ, చెయ్యి విరిగి నెలరోజులు మౌస్ పట్టలేని మనిషికీ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ మీది కాకపోతే, ముట్టుకునే వీల్లేని పాతదైతే అప్పుడు జాస్, స్క్రిప్టు.

ఎవరికి ఏది

చిన్న ఆఫీసు, ట్రస్టు, ఆడిటర్ ఆఫీసు అయితే ఎన్‌వీడీఏ పెట్టండి. మిగిలిన డబ్బు మంచి హెడ్‌సెట్‌కూ, ఉద్యోగి చేరిన కొత్తలో శిక్షణకూ పెట్టండి. కొన్ని అకౌంట్ల సాఫ్ట్‌వేర్లు తెరను తమకు తామే గీసుకుంటాయి, స్క్రీన్ రీడర్‌కు ఏమీ చెప్పవు. మీది అలాంటిదా అని ముందే చూసుకుని, ఎంట్రీలను ఎక్సెల్‌లో చేసి లోపలికి దింపే వీలుందేమో చూడండి.

బ్యాంకు, బీమా, పెద్ద కంపెనీ అయితే జాస్ డెమో, ఎన్‌వీడీఏ రెండూ అసలు పని తెర మీద పరీక్షించాలి. ఎన్‌వీడీఏతో నడిస్తే జాస్ కొనక్కర్లేదు. నడవకపోతే కొనడానికి వెనకాడకండి.

కాల్ సెంటర్‌లో గొంతు నాణ్యత కంటే రెండు చెవుల ఏర్పాటు ముఖ్యం. ఒక చెవిలో కస్టమర్, రెండో చెవిలో స్క్రీన్ రీడర్. స్క్రీన్ రీడర్ మాటలు కస్టమర్‌కు వినపడకూడదు. దీనికి ఐటీ వాళ్లతో ఒక పూట కూర్చోవాలి, పెద్ద ఖర్చేమీ కాదు.

తెలుగు డెస్కు, అనువాదం, ప్రూఫ్ పని అయితే ఎన్‌వీడీఏతో పాటు, తెర మీది అక్షరాలను వేలికి తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే గురించి ఉద్యోగిని అడగండి. "కల", "కళ" లాంటి తేడాలు వేగంగా వింటే చెవికి దాటిపోతాయి, వేలికి దాటవు. ఆర్బిట్ రీడర్ 20 లాంటి 20 గడుల పరికరాలు పెద్దవాటి కంటే తక్కువ ధరకు వస్తాయి. బ్రెయిలీ రానివాళ్లకు మాత్రం కొనిపెట్టి లాభం లేదు.

కొంత చూపు ఉన్నవాళ్లకు స్క్రీన్ రీడర్ ఒక్కటే జవాబు కాదు. విండోస్ కీ, ప్లస్ నొక్కితే వచ్చే మ్యాగ్నిఫైయర్, కాంట్రాస్ట్ థీములతో మొదలుపెట్టి, చాలకపోతే తెరను పెద్దదిగా చూపే జూమ్‌టెక్స్ట్ చూడాలి. అది కూడా కొనాల్సిందే. పెద్ద మానిటర్, కిటికీ వెలుగు తెర మీద పడని సీటు, ఈ రెండూ సాఫ్ట్‌వేర్ కంటే ముందు.

చట్టం అడిగేది

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలు పనికి అనువైన ఏర్పాట్లు చేయాలంటుంది. 21వ సెక్షన్ కింద ప్రైవేటు సంస్థలకు కూడా సమాన అవకాశాల విధానం ఉండాలి. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు అందులో ఎలాంటి సదుపాయాలు కల్పిస్తున్నాయో రాయాలి. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు తేవాలని కేంద్రానికి చెప్పింది. స్క్రీన్ రీడర్ కొటేషన్ మీద "ఇది అవసరమా?" అని రాసే అకౌంట్స్ విభాగానికి ఇంత చూపిస్తే చాలు.

ఉద్యోగంలో ఉండగా చూపు పోతే

మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిని, రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల మెల్లగా చూపు తగ్గి, నలభై ఏళ్ల వయసులో స్క్రీన్ రీడర్ అవసరం పడేవాళ్లు ఉంటారు. ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని తీసేయడానికో హోదా తగ్గించడానికో అదే 20వ సెక్షన్ ఒప్పుకోదు. వీళ్లకు ఏ స్క్రీన్ రీడర్ అన్నది రెండో ప్రశ్న. కీబోర్డు చూడకుండా టైపు చేయడం వచ్చా అన్నది మొదటిది. ఇరవై ఏళ్లు కీబోర్డు చూసి రెండు వేళ్లతో కొట్టినవాళ్లకు అది అన్నిటికంటే కష్టం. ఫోన్‌లో తెలుగు గొంతుతో టాక్‌బ్యాక్ మొదలుపెడితే చెవికి అలవాటవుతుంది. టైపింగ్ పక్కన నడుస్తుంటుంది. ఆ తర్వాత ఎన్‌వీడీఏ, తక్కువ వేగంతో. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పునరావాస కేంద్రం లాంటి చోట్ల దీనికి శిక్షణ అడగవచ్చు. ఆ నెలల్లో సెలవు ఎలా లెక్కపెడతారు, జీతం ఏమవుతుంది అన్నది హెచ్ఆర్ మొదటి వారంలోనే కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ టెన్షన్ ఉన్నంతకాలం ఎవరికీ కొత్త కీబోర్డు పాఠం బుర్రకెక్కదు.